జాషువా చెట్ల ఎడారికి ప్రయాణ సన్నాహం

యాత్రలను గురించిన వ్యాసాలు మన కళాశాల సంచికకు కొత్త కావు. అజంతా చూచి వచ్చినవారు, నాగార్జునసాగరం చూచి వచ్చినవారు తాము కన్న వింతలను వ్రాస్తారు. మేము వ్రాయబోయేది కన్న వింతలను గురించి కాదు. బయలుదేరక ముందు ఆరు నెలలపాటు ఒక భోజనాల బల్ల చుట్టూ కూర్చుండి వేసిన లెక్కలను గురించి, ఆ లెక్కల నడుమ తలవని తలంపుగా బయటపడిన ఒక పాత బాకీని గురించి.

మేమంటే నలుగురము. నలుగురమూ ఈ కళాశాల మెట్లు ఎక్కి దిగినవారమే. ఇద్దరి ఇంటి భాష ఉర్దూ, ఇద్దరి ఇంటి భాష తెలుగు. ఉద్యోగాల దారులు వేరైనా 2022 నాటికి నలుగురమూ అమెరికా పడమటి తీరాన, లాస్ ఏంజిలిస్ పరిసరాలకు చేరుకున్నాము. పేర్లు వ్రాయడం లేదు. ఒకడిని లెక్కలవాడని, ఒకడిని వంటవాడని, ఒకడిని మాటకారి అని పిలుచుకుందాము. నాలుగవవానిని మాత్రం ఉత్త మిత్రుడనే అందాము. కారణం మున్ముందు తెలుస్తుంది.

ఈ ఆలోచనకు మూలం ఒక ఛాయాచిత్రం. 2023 మే నెలలో ఒకనాటి సాయంకాలం వంటవాడు తన సహోద్యోగి ఇచ్చిన చిత్రాన్ని మా ముందు పెట్టాడు. గుండ్రని పెద్ద బండలు ఒకదానిపై ఒకటి, ఏ రాక్షసి బిడ్డో ఆడుకుని విడిచిపోయినట్లు పేర్చి ఉన్నాయి. "ఇది మన ఖాజాగూడ కదా!" అన్నాడు లెక్కలవాడు.

ఖాజాగూడ కాదు. లాస్ ఏంజిలిస్‌కు తూర్పుగా సుమారు 225 కిలోమీటర్ల దూరాన ఉన్న జాషువా ట్రీ జాతీయ ఉద్యానం. ఉద్యానమన్న మాట చూచి పూలపాదులను, పచ్చికను ఊహించుకోవద్దు. అది సుమారు 3,200 చదరపు కిలోమీటర్ల ఎడారి. ఎత్తైన పడమటి భాగం మొహావీ ఎడారికి, పల్లపు తూర్పు భాగం కొలరాడో ఎడారికి చెందుతాయి. ఎడారి మొక్కలను పెకలించి పట్టణాల తోటలకు తరలించడం చూడలేక మినర్వా హోయ్ట్ అనే మహిళ పట్టుబట్టి పనిచేసిన ఫలితంగా 1936లో దానికి జాతీయ స్మారకమన్న రక్షణ లభించింది. 1994లో జాతీయ ఉద్యానమైంది.

లెక్కలవాడు పొరబడడంలో వింత లేదు. మన హైదరాబాదు బండలూ ఆ ఎడారి బండలూ ఒకే తీరున పుట్టినవి. భూగర్భంలో కరిగి ఉన్న శిల చల్లబడి గట్టిపడింది. గట్టిపడిన శిలలో నిలువుగా, అడ్డంగా బీటలు పడ్డాయి. బీటల వెంట దిగిన నీరు మూలలను కొరికి కొరికి పలకలను గుండ్లుగా మార్చింది. పైనున్న మట్టి కొట్టుకుపోయిన పిదప గుండ్లు వెలుగు చూచాయి. తేడా అంతా వయస్సులోనే. మన శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ ఎడారి శిలకు పది కోట్ల సంవత్సరాలకు కొంచెం పైమాట.

"అయితే అవి మన రాళ్ళకు మునిమనుమలు" అన్నాడు మాటకారి. నవ్వాము. మిత్రుడు నవ్వలేదు. చిత్రాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూచి, "వెళ్దాము. ఎక్కుదాము కూడా" అన్నాడు.

మా నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఆ నోట వస్తుందని మేము ముగ్గురమూ అనుకోలేదు.

ఎందుకు అనుకోలేదో చెప్పాలి. 2011లో మేము డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాము. ఒక శనివారం తరగతులు ముగిసిన తరువాత ఖాజాగూడ గుట్టకు వెళ్ళాము. తాడు లేదు. టార్చి లేదు. ఇంటిలో చెప్పలేదు. నీళ్ళ సీసా ఒక్కటి ఉండెను గాని గుట్ట మొదటికి చేరకముందే అది ఖాళీ. కాళ్ళలో బలమున్నవాడెవడైనా బండ ఎక్కగలడు. దిగడం వేరే విద్య అని ఆనాడు మాకు తెలియదు. సూర్యుడు క్రుంకే వేళ మిత్రుడు ఒక నున్నని బండ మీద నుండి రెండు నిలువుల లోతుకు జారిపడ్డాడు. చీలమండ దగ్గర ఎముక విరిగింది. చీకటిలో, ముళ్ళకంపలలో, అతనిని మోసుకుని రోడ్డు చేరేసరికి మూడు గంటలు పట్టింది. దారి పొడుగునా అతడు నొప్పి అనలేదు, దాహమన్నాడు. ఇవ్వడానికి మా వద్ద చుక్క లేదు.

ఆస్పత్రికి అతని తల్లి వచ్చారు. ఆమెను మేమందరమూ అమ్మీ అనే పిలుస్తాము. ఆమెను చూడగానే మాటకారి నోట వెలువడిన మాట ఇది: "స్కూటరు జారింది, అమ్మీ." ఆ మాట పలికిన నోరు ఒక్కరిదే. తల ఊపినవి మిగిలిన మూడు తలలూ.

ఆ స్కూటరు ఆ ఇంట వట్టి వాహనం కాదు. మిత్రుని తండ్రి పదిహేనేళ్ళు నడిపి, ప్రతి శుక్రవారం తన చేతితో తుడిచి, పోయేనాటికి కొడుకుకు విడిచిన బండి. ఆ రోజు మిత్రుడు దాని మీదనే గుట్టకు వచ్చాడు. మరునాడు మేము దానిని తెచ్చి వాకిట నిలిపితే అమ్మీ దాని వైపు తిరిగి కూడా చూడలేదు. నెల తిరగకుండా అమ్మివేశారు. బండి నిలిచే చోట ఒక పూలకుండీ వెలిసింది. మిత్రుడు చదువు ముగిసేదాకా రెండు బస్సులు మారి, కుంటుతూ కళాశాలకు వచ్చాడు. ప్రతి పండుగకూ మేము ఆ ఇంట భోజనం చేశాము. లోపలికి వెళ్ళేటప్పుడు ఆ కుండీని చూడకుండా వెళ్ళడం మాకు అలవాటైంది.

ఇక ప్రణాళిక. మా మొదటి కాగితం ఇప్పుడు చూచుకుంటే సిగ్గు వేస్తుంది. శుక్రవారం రాత్రికి హిడెన్ వ్యాలీ అనే విడిది స్థలం చేరడం, శనివారం ఐదు బండలు, ఆదివారం మూడు బండలు, రాత్రి కట్టెల మంట మీద బిర్యానీ. ఐదు బండలలో ఒకటి సైక్లాప్స్ అనే రాతి గుట్ట మీది 'ఐ' అనే మార్గం. గుట్ట నెత్తిన కన్ను వంటి కంత ఉంటుంది. ఎక్కినవాడు ఆ కంతలోనికి చేరుతాడు. వినడానికే ఎంత బాగున్నది!

బండ మార్గాల కష్టాన్ని ఆ దేశంలో 5.0 నుండి 5.15 వరకు అంకెలతో సూచిస్తారు. 1950లలో ఆ దక్షిణ కాలిఫోర్నియాలోనే తాక్విట్జ్ అనే శిల మీద ఎక్కినవారు కుదిర్చిన పద్ధతి ఇది. 'ఐ' మార్గం 5.4. మేము జూన్ నుండి వారానికి రెండు సాయంకాలాలు పట్టణంలో ఒక వ్యాయామశాల గోడ మీద అభ్యాసం చేస్తున్నాము. రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బిగించిన ఆ గోడ మీద 5.9 దాకా ఎగబ్రాకినవారము గనుక 5.4 మాకొక లెక్కా అనుకున్నాము.

ఆ వ్యాయామశాలకే వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు. అరవై దాటిన వయస్సు. ముప్పై ఏళ్ళుగా ఆ ఎడారి బండలు ఎక్కుతున్న మనిషి. మా కాగితం చూపించాము. మెచ్చుకుంటారని ఆశ. ఆమె చదివి మూడే ప్రశ్నలు వేశారు. తాడును ఎక్కడ తగిలిస్తారు? ఎక్కిన తరువాత ఎటు నుండి దిగుతారు? ఆ రోజు ప్రొద్దు ఎన్నింటికి క్రుంకుతుంది?

ఒక్కదానికీ మా వద్ద సమాధానం లేదు. మూడవ ప్రశ్న విన్నప్పుడు మేము ఒకరి ముఖం ఒకరు చూచుకోలేదు.

ఆమె ఓపికగా చెప్పిన సంగతులు ఇవి. వ్యాయామశాలలో తాడు తగిలించే కొక్కేలు గోడకు బిగించి ఉంటాయి. ఆ ఎడారిలో చాలా మార్గాలకు అట్టి కొక్కేలు ఉండవు. ముందు ఎక్కేవాడు తన నడుముకు వ్రేలాడే పరికరాలను బండ పగుళ్ళలో తానే దూర్చి, వాటికి తాడు తగిలించుకుంటూ పోవాలి. ఆ పరికరాలలో ముఖ్యమైనది క్యామ్. మీట నొక్కితే ముడుచుకునే పళ్ళు, విడిస్తే స్ప్రింగు బలంతో విచ్చుకుని పగులును పట్టుకుంటాయి. క్రిందికి లాగినకొద్దీ మరింత బిగుస్తాయి. 1970లలో రే జార్డిన్ అనే అమెరికా ఇంజనీరు దానిని రూపొందించాడు. సరిగా పెడితే ఏనుగునైనా మోస్తుంది, తప్పుగా పెడితే గాజుపురుగును కూడా మోయదని ఆవిడ భావం. ఏనుగు, గాజుపురుగు మాత్రం మా అనువాదమే. 'ఐ' మార్గంలో అంకె చిన్నదే కాని పరికరం దూర్చడానికి వీలైన పగుళ్ళు దూరదూరంగా ఉంటాయి. అక్కడ జారితే తాడు ఉండీ లేనట్లే. పైగా అక్కడి అంకెలు పాతకాలపువారు వేసినవి. వారు మార్కులు వేయడంలో మన గణితం మాస్టర్ల వంటివారు. ఇక శిల సంగతి. ముడి రంపపు పళ్ళ వలె గరుకుగా ఉంటుంది. బూటుకు మంచి పట్టు ఇస్తుంది, అరచేతి తోలుకు మాత్రం జాలి చూపదు.

ఆ రాత్రి మొదటి కాగితాన్ని చింపివేశాము. ఐతే రెండవ కాగితం మొదలుపెట్టిన విధం వేరు. పైన బండల పేర్లు వ్రాయలేదు. లెక్కలవాడు తలగీత గీసి 'నీళ్ళు' అని వ్రాశాడు.

ఉద్యానంలోని విడిది స్థలాలలో చాలావాటికి నీటి కొళాయి లేదు. అంగడి లేదు. పెట్రోలు దొరకదు. ఫోను దాదాపు పలకదు. మనిషికి రోజుకు కనీసం ఒక గాలన్, అంటే నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ, కష్టపడి తిరిగేవారికి రెండు గాలన్లు కావాలని ఉద్యానంవారు హెచ్చరిస్తారు. నలుగురికి రెండు రోజులకు పదహారు గాలన్లు. వంటకు, గిన్నెలకు నాలుగు. మొత్తం ఇరవై గాలన్లు, సుమారు 75 లీటర్లు. లెక్కలవాడు కలం ఆపి, "75 కిలోల బరువు. ఐదవ మనిషి మనతో వస్తున్నాడు. వానికి కారులో చోటు చూడండి" అన్నాడు. నాటి నుండి నీళ్ళకు మా మధ్య ఐదవ మనిషి అనే పేరు స్థిరపడింది.

వజూకు ఎన్ని లీటర్లు వేయాలన్న చర్చ ఒకటి వచ్చింది. నీరు దొరకని చోట, లేదా ఉన్న నీరు త్రాగడానికే కావలసిన చోట, పరిశుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చునని మిత్రుడు చెప్పాడు. లెక్కలవాడు సంతోషంగా ఆ పద్దు కొట్టివేయబోతే, "75 లీటర్లు వెంట పెట్టుకుని దొరకలేదని ఎలా అనగలము?" అని వంటవాడు అడ్డుపడ్డాడు. చివరికి అతడు తన బిర్యానీని వదులుకుని ఆ నీటిని అటు మళ్ళించాడు.

నిజానికి బిర్యానీ పోయిందీ నీటి వలననే కాదు. ఉద్యానంలో ఎండుపుల్ల ఏరరాదు. కట్టెలు బయట కొని తెచ్చుకోవాలి. మంటకు ఇనుప వలయం ఉన్న చోటనే వెలిగించాలి. 2020 ఆగస్టులో అక్కడికి ఉత్తరాన ఉన్న మొహావీ సంరక్షిత ప్రాంతంలో పిడుగుపాటుతో రేగిన డోమ్ కార్చిచ్చుకు సుమారు పదమూడు లక్షల జాషువా చెట్లు బలియైనాయి. అది చదివిన తరువాత కట్టెల మంట మీద మాకే మనసు పోయింది. చిన్న గ్యాసు పొయ్యి, ఖిచిడీ, ఇంటిలో వండి డబ్బాలో పెట్టుకున్న ఖీమా, చింతపండు ఖట్టా. హైదరాబాదువారికి ఇంతకంటె గొప్ప ప్రయాణపు భోజనం ఏమున్నది?

చెట్టు మాట వచ్చింది గనుక దాని పేరును గురించి ఒక మాట. జాషువ అనగానే తెలుగు చదివినవారికి 'గబ్బిలం' కర్త గుర్రం జాషువ తలపునకు వస్తారు. ఉర్దూ ఇళ్ళలో పెరిగినవారికి అదే పేరు యూషా. మూసా ప్రవక్త వెంట నడిచిన యూషా బిన్ నూన్. పందొమ్మిదవ శతాబ్దం నడుమ ఆ ఎడారిని దాటిన మోర్మన్ మతస్థులకు ఆ చెట్టు కొమ్మలు చేతులెత్తిన జాషువ వలె తోచడం చేత ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. వృక్షశాస్త్రం ప్రకారం అది అసలు మామూలు చెట్ల జాతిది కాదు, మన కంచెల వెంట పెరిగే కిత్తనారకు చుట్టం. మానులో వలయాలు ఉండవు. ఏడాదికి ఒకటి రెండు అంగుళాలు, మహా ఐతే మూడు అంగుళాలు పెరుగుతుంది. 2018 డిసెంబరు నుండి 2019 జనవరి వరకు ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి కాపలా తగ్గిన రోజులలో, కొందరు బండ్లు తోలుకొనడానికి దారి చేసుకుంటూ అట్టి చెట్లను పడగొట్టారు. మా కాగితంలో 'చెట్టుకు తాడు కట్టరాదు' అని మిత్రుడు ఎఱ్ఱ సిరాతో వ్రాశాడు.

విడిది కూడా మారింది. హిడెన్ వ్యాలీలో ముందు వచ్చినవారిదే చోటు. శుక్రవారం రాత్రి పని ముగించుకుని వెళ్ళేవారికి ఆ సీజనులో అక్కడ చోటు దొరకడం కల్ల. ఉద్యానం ఉత్తరపు అంచున ఇండియన్ కోవ్ అనే స్థలంలో 101 విడిది చోట్లు ఉన్నాయి. ఆరు నెలల ముందు నుండి కేటాయిస్తారు. మేము కళ్ళు తెరిచేసరికి అన్నీ అయిపోయినవి. ఐతే లెక్కలవాడు ప్రతి ఉదయం చూస్తూ చూస్తూ, ఎవరో రద్దు చేసుకున్న చోటును సెప్టెంబరులో పట్టుకున్నాడు. నవంబరు 3 శుక్రవారం నుండి 5 ఆదివారం వరకు. వేసవిలో ఆ ఎడారి 38 డిగ్రీలు దాటి కాగుతుంది; నవంబరులో పగలు హాయి, రాత్రి మాత్రం ఎముకలు కొరికే చలి.

ప్రొద్దు క్రుంకే వేళను లెక్కించేటప్పుడు ఒక వింత జరిగింది. శనివారం సుమారు 5 గంటల 50 నిమిషాలు అని తేలింది. ఆదివారానికీ అదే వేసుకున్నాము. పది రోజుల తరువాత లెక్కలవాడు అర్ధరాత్రి ఫోను చేసి అందరినీ లేపాడు. 2023లో అమెరికా గడియారాలు ఒక గంట వెనక్కి జరిగే రోజు సరిగా ఆ నవంబరు 5 ఆదివారమే! సూర్యుడు తన దారిన తాను పోతాడు గాని గడియారం ప్రకారం ఆదివారం 4 గంటల 50 నిమిషాలకే చీకటి. ఒక గంట. ఖాజాగూడలో మాకు తక్కువపడింది ఇంచుమించు ఆ ఒక్క గంటే. మేమెవరమూ అతనిని నిద్ర చెడగొట్టావని అనలేదు.

మిగిలింది ఎక్కడం. పెద్దావిడ సలహా సూటిగా ఉండెను: మీకు పరికరాలు దూర్చడం రాదు, ఉద్యానం అనుమతి ఉన్న మార్గదర్శకుని ఒక రోజుకు కుదుర్చుకోండి, బండ పైన గట్టి లంగరు వేయడం అతని పని, పైనుండి వ్రేలాడే తాడుకు కట్టుకుని ఎక్కండి, జారినా జానెడు కంటె దిగరు. మార్గదర్శకునికి ఇవ్వవలసిన సొమ్ము మా ప్రయాణం మొత్తం ఖర్చు కంటె ఎక్కువైంది. మాటకారికి అభిమానం అడ్డు వచ్చింది. డబ్బిచ్చి కొండ ఎక్కడమేమిటన్నాడు. వాదం గంటకు పైగా సాగింది. మధ్యలో వంటవాడు, "పోనీ, మనము ముగ్గురమే ఎక్కుదాము. వాడు క్రింద కూర్చుని చూస్తాడు, ఖర్చు తగ్గుతుంది" అన్నాడు.

మిత్రుడు లేచి నిలబడ్డాడు. పన్నెండేళ్ళలో అతడు మా మీద గొంతు పెంచడం అదే మొదలు.

"నేను పడ్డందుకు నాకు బాధ లేదు. కుంటుతున్నందుకు బాధ లేదు. ఎక్కడ బండ మాట వచ్చినా మీరు ముగ్గురూ నోరు మూసుకుంటారు చూడండి, అది నాకు బాధ. నన్ను ఇంకా మోసుకునే తిరుగుతున్నారు. దింపండిక" అన్నాడు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత మాటకారి తన వంతు సొమ్ము తీసి బల్ల మీద పెట్టాడు. వాదం ముగిసింది. శనివారం మార్గదర్శకునితో ఇండియన్ కోవ్‌లోనే 5.6 దాటని రెండు మార్గాలు; ఆదివారం మధ్యాహ్నం దాకా కేవలం నడక. ఎనిమిది బండలు రెండైనాయి.

పై తాడు పద్ధతిలో ఎక్కేవానికి జంటగా క్రింద ఒకడు నిలుస్తాడు. ఎక్కేవాడు పైకి పోయినకొద్దీ వదులైన తాడును లాగుతూ, అతడు జారితే బిగించి నిలపడం వాని పని. దానిని బిలే అంటారు. బండ మీద ఉన్నవాని ప్రాణం ఆ చేతిలో ఉంటుంది. మా కాగితంలో ఎక్కేవాడు, తాడు పట్టేవాడు అని రెండు గడులు గీశాము. మిత్రుని పేరుకు ఎదురుగా ఉన్న గడి మూడు వారాలు ఖాళీగా ఉండిపోయింది. ఎవరమూ మా పేరు వ్రాసుకునే సాహసం చేయలేదు. ఒకరోజు చూస్తే అందులో మిత్రుని దస్తూరీతో మాటకారి పేరు ఉన్నది.

చివరి గడి 'ఇంటివారి పేరు, ఫోను నంబరు.' ఎడారికి వెళ్ళేవారు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒక కాగితం మీద వ్రాసి బయట ఉండే నమ్మకస్తునికి ఇచ్చిపోవాలి; ఫోను పలకని చోట అదే దిక్కు. వంటవాని సహోద్యోగి ఆ కాగితం తన వద్ద ఉంచుకుంటానన్నాడు. ముగ్గురము గడి నింపాము. మిత్రుడు అమ్మీ నంబరు వ్రాసి, కలం ఆపి, అలాగే కూర్చున్నాడు.

"ఏమైనా ఐతే ఆమెకు ఫోను వస్తుంది. మీ అబ్బాయి బండ మీద నుండి అని మొదలుపెడతారు. బండ అన్న మాట మొదటిసారి ఆమె ఒక పరాయివాని నోట వింటుంది" అన్నాడు.

అక్టోబరు 28, శనివారం రాత్రి తొమ్మిది గంటలు. హైదరాబాదులో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. నలుగురమూ ఒకే ఫోను చుట్టూ కూర్చున్నాము. అమ్మీ అప్పుడే టీ త్రాగి పేపరు చూస్తున్నారు. మాటకారి చెప్పాడు. మాటలు నేర్చినవాడే గాని ఆనాడు ఒక్క మాటకూ నగిషీ పెట్టలేదు. గుట్ట, బండ, చీకటి, మోసుకు రావడం, ఆస్పత్రిలో తాను అన్న మాట. అన్నీ చెప్పి, "స్కూటరు తప్పు లేదు, అమ్మీ" అన్నాడు.

ఆమె చాలాసేపు పలకలేదు. లైను తెగిందేమో అనుకున్నాము. వీధిలో ఎవరో కూరలు అమ్ముతున్న కేక వినిపించింది గనుక తెగలేదని తెలిసింది.

"పాపం, ఆ బండి" అన్నారు. మళ్ళీ కొంతసేపటికి, "ఆయన వారం వారం తుడిచేవారు. నేను దానిని తిట్టి పంపాను" అన్నారు.

మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండెనని ఇప్పటికీ మాకు అనిపిస్తుంది.

తరువాత ఆమె అడిగిన ప్రశ్నలు పెద్దావిడ ప్రశ్నల కంటె కఠినమైనవి. ఆ రోజు నీళ్ళు ఎన్ని తీసుకుని వెళ్ళారు? ఒక సీసా. వీడు దాహమని అడిగాడా? అడిగాడు. ఇచ్చారా? లేదు. ఇప్పుడు ఎన్ని తీసుకుని వెళ్తున్నారు? లెక్కలవాడు 75 లీటర్లని చెప్పి, గాలన్ల లెక్క మొదలుపెట్టబోతే ఆమె ఆపి, "తాడు ఎవరు పట్టుకుంటారు?" అన్నారు.

"నేను, అమ్మీ" అన్నాడు మాటకారి.

"అచ్ఛా" అన్నారు. ఆ అచ్ఛాకు అర్థమేమిటో మేము నలుగురమూ నాలుగు విధాలుగా చెప్పుకున్నాము. ఆమె మాత్రం రెండు ఆజ్ఞలు ఇచ్చి ఫోను పెట్టివేశారు: ఆ కాగితం ఉర్దూలో వ్రాసి తనకు పంపాలి, ఎడారి దాటి ఫోను పలికే చోటికి రాగానే తనకే మొదట చెప్పాలి.

ఉర్దూలో వ్రాయడానికి రెండు రాత్రులు పట్టింది. క్యామ్‌కు మాట దొరకక బొమ్మ గీశాము. తాడు పట్టేవాని గడిలో మిత్రుడు 'నిగహ్‌బాన్' అని వ్రాశాడు. తెలుగులో కాపాడేవాడని, కాపరి అని చెప్పుకోవచ్చును. గడియారం మారే సంగతి కలిపి, ఆదివారం సాయంత్రం అయిదు గంటలంటే హైదరాబాదులో సోమవారం ఉదయం ఆరున్నర అని లెక్కలవాడు అడుగున వ్రాసి రెండు గీతలు గీశాడు.

శుక్రవారం మధ్యాహ్నం కారు సర్దాము. డేరా, దుప్పట్లు, పొయ్యి, ఖీమా డబ్బా, హెల్మెట్లు, నాలుగు తలదీపాలు, వాటికి మారు బ్యాటరీలు. ఐదవ మనిషి వెనుక సీటులో ఎక్కువ చోటు ఆక్రమించాడు. మిత్రుడు వాని ప్రక్కన ఇరుక్కుని, ఒక డబ్బా మీద చేయి వేసి కూర్చున్నాడు.

ఎక్కిన బండల సంగతి, చూచిన నక్షత్రాల సంగతి వేరే వ్యాసం. అది వంటవాడు వ్రాస్తానంటున్నాడు. ఇక్కడ ఇంత చాలు: ఆదివారం చీకటి పడకముందే 62వ నంబరు రహదారికి వచ్చి, ఒక పెట్రోలు బంకు వద్ద కారు ఆపి, ఫోను చేశాము. నాలుగు గంటల నలభై నిమిషాలు. అక్కడ సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. మొదటి మ్రోతకే అమ్మీ ఎత్తారు. కొడుకు ఎలా ఉన్నాడని అడగలేదు.

"నీళ్ళు మిగిలాయా?" అన్నారు.

"తొమ్మిది లీటర్లు మిగిలాయి, అమ్మీ" అన్నాడు మిత్రుడు.